విమాన టికెట్ కొనగలిగిన వారికేనా ఓటు?

2018 ఆగస్టు 9న ప్రజాప్రాతినిధ్య చట్ట సవరణ బిల్లుపై లోక్‌సభలో జరిగిన చర్చకు జవాబిస్తూ, విదేశాల్లో ఉంటున్న భారతీయులు తమ తరఫున మరొకరి చేత ఓటు వేయించుకునే వీలు కల్పిస్తున్నామని, అది దుర్వినియోగం కాకుండా నిబంధనల్లో జాగ్రత్తలు తీసుకుంటామని అప్పటి న్యాయశాఖ మంత్రి రవిశంకర్ ప్రసాద్ సభకు భరోసా ఇచ్చారు. బిల్లు ఆ రోజే లోక్‌సభ దాటింది. రాజ్యసభ ఆమోదం దక్కకముందే 2019లో లోక్‌సభ రద్దు కావడంతో మురిగిపోయింది. 2022 మార్చిలో కిరణ్ రిజిజు న్యాయశాఖ మంత్రిగా అదే సభలో మాట్లాడుతూ ప్రవాసులకు ఆన్‌లైన్ ఓటింగ్ సాధ్యాసాధ్యాలను పరిశీలిస్తున్నామన్నారు. ఆ ఏడాది నవంబరులో, ప్రభుత్వం చర్యలు తీసుకుంటోందన్న అటార్నీ జనరల్ హామీని నమోదు చేసుకుని సుప్రీంకోర్టు ఈ విషయమై దాఖలైన పిటిషన్ల విచారణను ముగించింది. హామీలు ఇన్ని పోగుపడినా, నెల్లూరు జిల్లా ఉదయగిరి నుంచి కువైట్ వెళ్లిన మనిషికి 2011లో ఏ ఏర్పాటు ఉందో నేటికీ అదే ఉంది.

ఆ ఏర్పాటు ఏమిటో ఒకసారి చూడాలి. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలో చేర్చిన 20ఎ సెక్షన్ 2011 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. మరో దేశ పౌరసత్వం తీసుకోని భారతీయుడు ఉద్యోగం, చదువు వంటి కారణాలతో పరాయి దేశంలో ఉంటే, ఫారం 6ఎ నింపి, పాస్‌పోర్టులో ఉన్న సొంతూరి చిరునామా మీద ఓటరుగా నమోదు కావచ్చు. అయితే పోలింగ్ నాడు అసలు పాస్‌పోర్టు పట్టుకుని స్వయంగా ఆ ఊరి బూత్‌కు రావాలి. అంటే చట్టం ఓటును ఇచ్చింది గాని, దానిని వాడుకోవడానికి విమాన ఛార్జీలు, సెలవు, యజమాని అనుమతి ఓటరే సంపాదించుకోవాలి.

2024 లోక్‌సభ ఎన్నికల నాటికి దేశం మొత్తం మీద ప్రవాస ఓటర్లుగా నమోదైన వారు 1,19,374 మంది, వచ్చి ఓటు వేసిన వారు 2,958 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 7,927 మంది నమోదు కాగా 195 మంది ఓటు వేశారు. ప్రవాసులకు ఆసక్తి లేదనడానికి ఈ అంకెలను సాక్ష్యంగా చూపడం సరికాదు. నెల్లూరు, ప్రకాశం వంటి మన జిల్లాల నుంచి వెళ్లిన వారిలో చాలామంది పేర్లు ఫారం 6ఎ కింద కాక, ఊళ్లోని మామూలు జాబితాలోనే ఉండిపోతాయి. ఇంటింటి పరిశీలనలో వలస వెళ్లారని రాసిన రోజున ఆ పేర్లు కూడా పోతాయి. అదే 2024 మే 13 పోలింగ్‌కు హైదరాబాద్, బెంగళూరుల నుంచి బస్సులు, రైళ్లు ఎలా కిక్కిరిసి వచ్చాయో కనిగిరి, కందుకూరు, కావలి జనానికి గుర్తుండే ఉంటుంది. రాగలిగిన దూరంలో ఉన్నవారు వచ్చారు.

పదిమంది ఓట్లు రాకపోతే కొంపేమీ మునగదనే వారికి ప్రకాశం జిల్లా ఫలితాలే జవాబు. 2024లో గిద్దలూరులో గెలుపోటముల మధ్య తేడా 973 ఓట్లు, దర్శిలో 2,456 ఓట్లు.

ఊళ్లో ఉండని వారికి ఊరి పాలకులను ఎన్నుకునే హక్కు ఎందుకన్న ప్రశ్న ఒకటి చాలాకాలంగా వినిపిస్తోంది. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేం. పాలన ఫలితాన్ని రోజూ అనుభవించేవాడికీ, దూరం నుంచి చూసేవాడికీ తేడా ఉన్న మాట నిజమే. కాని పశ్చిమ ప్రకాశం నుంచీ, నెల్లూరు మెట్ట మండలాల నుంచీ జనం ఎందుకు వెళ్లారన్నది కూడా అడగాలి. ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల మెట్ట ప్రాంతాలకు కృష్ణా నీళ్లు ఇవ్వడానికి తలపెట్టిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. ఆనాడు పుట్టిన పిల్లలు పెరిగి పెద్దవారై, పెళ్లిళ్లు చేసుకుని, పాస్‌పోర్టులు తీసుకుని వెళ్లిపోయేంత కాలం ఆ సొరంగాల పని సాగింది. కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన కుటుంబాల పిల్లలు బయటి దేశంలో పని వెతుక్కోవడం సరదాకు కాదు. పాలన విఫలమైనందువల్ల ఊరు వదిలినవాడికి, ఊరు వదిలాడన్న కారణంగానే ఆ పాలనపై తీర్పు చెప్పే అవకాశం లేకుండా చేయడం అన్యాయం. వెళ్లినవారు తమ భూమినీ, తల్లిదండ్రులనూ, చాలాసార్లు పిల్లలనూ ఇక్కడే వదిలి వెళ్లారు. వాళ్లు పంపే డబ్బుతోనే ఇక్కడ బోర్లు పడుతున్నాయి, ఫీజులు కడుతున్నారు.

అలాగని 2018 బిల్లు చూపిన దారి మంచిదని నేను అనుకోను. మరొకరి చేత ఓటు వేయించే పద్ధతి సైన్యం వంటి సర్వీసు ఓటర్లలో కొందరికి 2003 నుంచి ఉంది. ఆ ప్రతినిధి నియోజకవర్గంలో నివసించే వ్యక్తి అయి ఉండాలి, అతని ఎడమచేతి మధ్యవేలికి సిరా పూస్తారు. అక్కడ సంఖ్య చిన్నది. అదే పద్ధతిని గల్ఫ్ వలసలున్న ఊళ్లకు తెస్తే ఏం జరుగుతుందో మన పల్లెలు తెలిసిన వారెవరైనా చెప్పగలరు. కువైట్‌లో ఇంటిపని చేస్తున్న ఆత్మకూరు మహిళ ఓటు ఆమె భర్త చేతికో మామ చేతికో వెళుతుంది. వారి మీద ఊరి పార్టీ పెద్దల ఒత్తిడి ఉంటుంది. ఓటుకు వెల కట్టే అలవాటు ఉన్న చోట ఆ ఓటు కూడా ఇంటి లెక్కలో కలిసిపోతుంది. ఎవరికి వేశారో ఆమె ఎన్నటికీ తెలుసుకోలేదు, ఎదురు అడగనూ లేదు. రహస్య ఓటు అన్నది ఇంట్లోవాళ్ల నుంచి కూడా రహస్యమే. పుట్టింటికీ అత్తింటికీ దూరంగా ఉండి సొంత సంపాదనతో బతుకుతున్న ఆడమనిషికి ఆ కాస్త స్వతంత్రాన్ని కూడా లేకుండా చేసే చట్టాన్ని హక్కు అని పిలవలేం. మంత్రి చెప్పిన జాగ్రత్తలు సంతకాల దొంగతనాన్ని ఆపగలవేమో గాని, దీన్ని ఆపలేవు.

ఎన్నికల సంఘం 2020 నవంబరులో న్యాయశాఖకు సూచించిన ఎలక్ట్రానిక్ పోస్టల్ బ్యాలెట్ ఇంతకంటే మేలైనది. బ్యాలెట్‌ను కంప్యూటర్ ద్వారా పంపితే ఓటరు దాన్ని అచ్చు తీసి, ఓటు గుర్తించి, భారత దౌత్య కార్యాలయం నియమించిన అధికారి ధ్రువీకరణతో తిరిగి పంపుతారు. కాలం సరిపోదన్న అభ్యంతరానికి మన ఎన్నికల తేదీలే సమాధానం చెబుతాయి. 2024లో ఇక్కడ నామినేషన్ల ఉపసంహరణ గడువు ఏప్రిల్ 29న ముగిసింది, లెక్కింపు జూన్ 4న జరిగింది. మధ్యలో 36 రోజులున్నాయి.

చిక్కంతా ధ్రువీకరణ దగ్గర ఉంది. న్యూజెర్సీలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒక పూట సెలవు పెట్టి కాన్సులేట్‌కు వెళ్లిరాగలడు. ఇంటి యజమాని గడప దాటనివ్వని పనిమనిషి, పనివాడి పాస్‌పోర్టును యజమాని తన దగ్గర పెట్టుకోవడం కువైట్‌లో చట్టవిరుద్ధమే అయినా యజమాని బీరువాలోనే దాన్ని వదిలి వచ్చే డ్రైవరు అంత సులభంగా వెళ్లలేరు. ఎన్నికల సంఘం ప్రతిపాదన బయటికి వచ్చినప్పుడు గల్ఫ్ దేశాలను తొలి విడతలో పక్కన పెడతారన్న వార్తలు రావడం, దానిపై ఆందోళన వ్యక్తం కావడం ఇక్కడ గుర్తు చేసుకోవాలి. అక్కడ ఎన్నికల ప్రచారానికి వీలుండదన్నది నిజమే, కాని కవరులో ఓటు పంపడానికి ప్రచార సభలు అక్కర్లేదు.

కాబట్టి నెల్లూరు, ఒంగోలు ఎంపీలు ఈసారి సభలో మంత్రిని అడగవలసినది ప్రవాసులకు ఓటు ఎప్పుడిస్తారన్న ఒక్క మాట మాత్రమే కాదు. కొత్త బిల్లు తెస్తే అందులో గల్ఫ్ మొదటి విడతలోనే ఉంటుందా, శుక్రవారం సెలవునాడు కార్మికుల బసల దగ్గరికే దౌత్య సిబ్బంది వచ్చి ధ్రువీకరణ చేస్తారా, పాస్‌పోర్టు చేతిలో లేని వారి నుంచి దాని నకలును అంగీకరిస్తారా అన్నవి సూటిగా అడిగి, జవాబును సభ రికార్డులోకి ఎక్కించాలి.