నింద ఆన్‌లైన్‌ది, అప్పు ఎవరిది?

పేరున్న దుకాణాల సంస్థ ఏది మూతపడినా, ఆన్‌లైన్ వ్యాపారాన్నీ గడప దాటని కొనుగోలుదారులనూ తిట్టిపోయడం ఎంత సులువైపోయింది! బొమ్మలు అమ్మే అమెరికా దుకాణాల సంస్థ టాయ్స్ ఆర్ అస్‌నే చూడండి: దాన్ని 2005లో పెట్టుబడి సంస్థలు సుమారు 660 కోట్ల డాలర్లకు కొని, అందుకు చేసిన అప్పులో అధికభాగాన్ని ఆ కంపెనీ నెత్తినే రుద్దాయి. వచ్చిన ఆదాయాన్ని వడ్డీలకే ధారపోస్తూ ఉంటే దుకాణాలను ఎప్పుడు బాగుచేసుకోవాలి, వెబ్‌సైటును ఎప్పుడు మెరుగుపరచుకోవాలి? 2017లో అది అప్పులు తీర్చలేక కోర్టులో దివాలా రక్షణ కోరింది, మరుసటి ఏడాది అమెరికాలోని దుకాణాలకు తాళాలు పడ్డాయి. దివాలాకు కొద్దిరోజుల ముందే ఉన్నతాధికారులకు బోనస్‌లు అందాయి (వాటికి మాత్రం డబ్బు దొరికింది!). ఏళ్లతరబడి కౌంటర్ల దగ్గర నిలబడి పనిచేసిన వేలాదిమందికి తొలుత పరిహారం కూడా దక్కలేదు. ఇంతా చేసి, తప్పు మనం మొబైల్‌లో బొమ్మ కొన్నందుకా?