కోట్లలో ఉన్నాయి కదా అనకండి

"ఏరా, ఆ చేపలు అక్కడ కోట్లకు కోట్లు ఉన్నాయంట కదా, మరి నీకెందుకింత బాధ?" మొన్న ఫోన్‌లో బాబాయ్ అడిగారు. బాబాయ్‌ది కాకినాడ. సముద్రం సంగతి నాకంటే ఆయనకే ఎక్కువ తెలుసు. ఆ పూట సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. రెండు రోజులుగా అదే మనసులో తిరుగుతోంది. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

నేను చదువుకున్నది పోలార్ కాడ్ గురించి. ఉత్తర ధ్రువ సముద్రమంతా ఉండే జానెడు చేప. సీల్స్, బెలూగా తిమింగలాలు, గిల్లెమాట్ పక్షులు, అన్నీ దీన్ని తినే బతుకుతాయి. బియ్యపు గింజకన్నా చిన్నవైన కోపెపాడ్ అనే జీవుల్లో ఉండే కొవ్వు పెద్ద జంతువుల దాకా చేరేది చాలావరకు ఈ చేప ద్వారానే. మంచు ఎలుగుబంటి ఫొటో పెడితే వేలమంది షేర్ చేస్తారు. ఎలుగుబంటి తినే సీల్ ఏం తిని బతుకుతుందో ఎవరూ అడగరు.

మొత్తం లెక్క తీస్తే బాబాయ్ మాట నిజమే, కోట్లలోనే ఉన్నాయి. నా గొడవంతా ఆ 'మొత్తం' అనే మాటతోనే. ఫియోర్డ్ అంటే మంచునదులు కొండల మధ్య తొలిచిన లోతైన సముద్రపు పాయ. నార్వేకు ఉత్తరాన ఉన్న స్వాల్బార్డ్ దీవుల్లో, ఈశాన్య గ్రీన్‌లాండ్‌లో ఫియోర్డ్‌ల లోపలి పోలార్ కాడ్‌నీ, బయటి సముద్రంలో తిరిగే పోలార్ కాడ్‌నీ పట్టి జన్యువులు పోల్చి చూస్తే తేడా కనిపించింది. చూడ్డానికి ఒకే చేప, కానీ ఎవరి కాపురం వాళ్లది. ఒక ఫియోర్డ్‌లో ఇవి అయిపోతే బయటివి వచ్చి ఆ చోటు నింపుతాయని ఏ ధైర్యంతో అనుకోవాలి?

స్వాల్బార్డ్‌లోనే రెండు ఫియోర్డ్‌లు చూడండి. బిల్లెఫియోర్డన్ ముఖద్వారం దగ్గర నీటి అడుగున ఒక గడప ఉంది. గడప మీద లోతు సుమారు 50 మీటర్లు, లోపల 190 దాకా. చలికాలంలో పైన మంచు కట్టేటప్పుడు అడుగుకు దిగిన చల్లటి ఉప్పునీరు ఆ గడప దాటి బయటికి పోలేదు. ఎండాకాలంలో కూడా లోపల అడుగు నీరు సున్నాకు దిగువనే ఉంటుంది. పోలార్ కాడ్‌కు అది పుట్టిల్లు లాంటిది. కాంగ్స్‌ఫియోర్డన్‌కు అలాంటి గడప లేదు, తలుపు బార్లా తెరిచిన ఇల్లది. 2006 చలికాలం నుంచి అట్లాంటిక్ వెచ్చటి నీళ్లు లోపలికి చొరబడుతున్నాయి, మంచు మునుపటిలా కట్టడం లేదు. ఆ నీళ్లతో పాటే అట్లాంటిక్ కాడ్, హాడాక్ అనే చేపల పిల్లలూ వస్తున్నాయి. ఈ రెండు చోట్ల చేపల్నీ కలిపి ఒకే అంకె చెబితే ఆ అంకెకు అర్థమేముంది?

నేను నార్వేలో చదివిన రోజుల్లో ఒక చలికాలమంతా నా పని ఒకటే, ఈ చేపల తల కోసి చెవిరాయి తీయడం. తెల్లగా దోసగింజలా ఉంటుంది. కోసి, నునుపుగా అరగదీసి మైక్రోస్కోప్ కింద పెడితే చెట్టు మొద్దులో లాగే వయసు చెప్పే గీతలు కనిపిస్తాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లెక్కపెట్టినా ఒకటి, రెండు, మూడు. నాలుగు గీతలుంటే గొప్ప. ఐదు కనిపించిన రోజు పక్క టేబుల్ వాళ్లను పిలిచి మరీ చూపించాను.

ఈ చేప రెండు మూడేళ్లకే ఈడుకొస్తుంది, ఐదేళ్లు దాటి బతికేవి బాగా తక్కువ, ఎంత బతికినా ఏడేళ్లు. అట్లాంటిక్ కాడ్ ఇరవై ఏళ్లు కూడా బతకగలదు, పెద్ద ఆడచేప ఒక్క సీజన్‌లో లక్షల్లో గుడ్లు పెడుతుంది. నాలుగేళ్లు కలిసిరాకపోయినా ఐదో ఏడు చూసుకుంటుంది. పోలార్ కాడ్ పెట్టేది పదో ఇరవయ్యో వేల గుడ్లు. దానికి ఎదురుచూసే టైమ్ లేదు. వరసగా రెండు మూడు చలికాలాలు దెబ్బతింటే ఆ ఫియోర్డ్‌లో జన, అంటే గుడ్లు, పెట్టే వయసు చేపలే మిగలవు.

గుడ్లు మాత్రం పెద్దవి, ఒకటిన్నర మిల్లీమీటర్ల పైనే. నడి చలికాలంలో పెడితే పైకి తేలి మంచు ఫలకం కిందికి చేరతాయి. ఆ గడ్డకట్టే నీళ్లలో పొదగడానికి రెండు నెలలు దాటుతుంది. సముద్రపు నీరు దాదాపు మైనస్ 1.9 దగ్గర గడ్డకడుతుంది. మామూలు చేప రక్తం అంతకు ముందే, మైనస్ ఒకటి కూడా చేరకముందే గడ్డకడుతుంది. పోలార్ కాడ్ రక్తంలో మంచు స్ఫటికాల్ని పెరగనివ్వని ప్రోటీన్ ఉంది. దక్షిణ ధ్రువంలో, దీనితో ఏ దగ్గరి చుట్టరికమూ లేని చేపల్లోనూ దాదాపు ఇదే ప్రోటీన్ విడిగా పుట్టిందని 1997లో తేల్చారు. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అంత చలికి తట్టుకునే చేప వేడికి తట్టుకోలేదు. ల్యాబ్‌లో చూస్తే గుడ్లు బాగా పొదిగేది సున్నా నుంచి ఒకటిన్నర డిగ్రీల మధ్య. మూడుకు వచ్చేసరికి చాలా చచ్చిపోతున్నాయి. మూడు డిగ్రీలంటే మనకు ఏసీ రిమోట్ మీద మూడు నొక్కులు.

ఇక్కడ ఒకటి దాచకుండా చెప్పాలి. కెనడా వైపు మంచు తొందరగా విడిపోయిన ఏడాదుల్లో పిల్ల చేపలు ఎక్కువగా నిలబడ్డాయి. తిండి ముందే దొరికింది, త్వరగా పెరిగాయి. నిజమే. కానీ దాన్ని పట్టుకుని 'చూశారా, వేడి మంచిదే' అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కాస్త వెచ్చదనం పిల్లలకు మేలు చేస్తుంది, ఇంకాస్త పెరిగితే గుడ్డే పోతుంది. ఒక ఏడాది పిల్లల లెక్క చూసి నిశ్చింతగా ఎలా కూర్చుంటాం? పైగా పెద్ద సర్వే ఓడలు తిరిగేది ఎక్కువగా బయటి సముద్రంలో, ఎండాకాలం చివర్లో. ఫియోర్డ్ లోపల ఏ వయసువి ఎన్ని ఉన్నాయో ఆ లెక్కల్లో కనబడదు.

మనకేం సంబంధం అనేవాళ్లకు ఒక మాట. కాంగ్స్‌ఫియోర్డన్ ఒడ్డునే, నీ-ఆలెసుండ్ అనే ఊళ్లో, 2008 నుంచి మన దేశపు పరిశోధన కేంద్రం హిమాద్రి ఉంది. 2014 జులైలో ఆ ఫియోర్డ్‌లోనే సుమారు 190 మీటర్ల లోతున ఇండార్క్ అనే పరికరాల వరసను దించారు. దాని వెనక చెన్నై ఇంజనీర్ల పని ఉంది, మన హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ వాళ్ల చెయ్యీ ఉంది. నీటి వేడి, ఉప్పదనం కొలుస్తుంది. అంటే ఈ చేప ఇంట్లోకి వచ్చే వేడినీళ్లను కొలిచే థర్మామీటర్ మనదే. అయినా మన పేపర్లలో హిమాద్రి గురించి ఎప్పుడు చదివినా జెండా ఫొటో, రుతుపవనాల మీద రెండు వాక్యాలు. ఆ నీళ్లలో ఏం బతుకుతోందో ఒక్క ముక్క ఉండదు. ఆ వేడి లెక్కల పక్కనే చేపల వయసు, గుడ్ల లెక్కలు కూడా ఏటా, ఫియోర్డ్ వారీగా పెట్టి చూపించమని అడుగుతున్నాను. అదేమీ గొంతెమ్మ కోరిక కాదు.

బాబాయ్, మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపుతారు, చేప జన పెట్టుకునే కాలమని. వల అయితే ఒడ్డున పెట్టొచ్చు. కాంగ్స్‌ఫియోర్డన్‌లోకి వచ్చే నీళ్లను ఎవరు ఆపుతారు? ఆ ఐదు గీతల చెవిరాయి ఫొటో ఇందాకే మీ వాట్సాప్‌కు పంపాను. కళ్లజోడు పెట్టుకుని చూడండి, చివరి గీత చాలా సన్నగా ఉంటుంది.