పుస్తకాన్ని వెనక నుంచి చూడండి

సొంతంగా చదువుకుందామనుకున్నవాళ్లలో చాలామంది రివ్యూలు చూస్తారు, మొదటి అధ్యాయం తిరగేస్తారు, హాయిగా సాగిపోతే కొనేస్తారు. మొదటి అధ్యాయం ఎవరైనా హాయిగానే రాస్తారు. చిక్కంతా మూడో నాలుగో అధ్యాయంలో మొదలవుతుంది. అందుకే ముందు చూడాల్సింది అధ్యాయం చివరి అభ్యాసాలూ, పుస్తకం చివరి జవాబులూ అని నా గట్టి అభిప్రాయం. క్లాసులో తప్పు దిద్దడానికి మాస్టారుంటారు. ఒంటరిగా చదివేవారికి దిద్దిపెట్టేది జవాబుల పేజీయే.

జవాబులు ఉంటే చాలదు, ఎలా ఇచ్చారో చూడాలి. మీకు 7 వచ్చి పుస్తకంలో -7 అని మాత్రమే ఉంటే, మధ్యలో గుర్తు జారిందా, పద్ధతే తప్పా అన్నది తేలదు. కొన్ని లెక్కలకైనా మెట్టు మెట్టుగా సాధన, అంటే లెక్క చేసిన తీరంతా, ఉండాలి. ఇక్కడే ఒక ఇబ్బంది: చాలా పాఠ్యపుస్తకాలకు పూర్తి సాధనలను ప్రచురణకర్తలు అధ్యాపకులకే ఇస్తారు. రైస్ యూనివర్సిటీ వారి ఓపెన్‌స్టాక్స్ పుస్తకాలు ఉచితమే అయినా, అధ్యాపకుల సామగ్రి కావాలంటే అధ్యాపకులమని రుజువు చూపాలి. వాటి గణిత పుస్తకాలు చాలావాటిలో బేసి సంఖ్య లెక్కల జవాబులు అందరికీ కనిపిస్తాయి. ముందు అవే చేయండి.

పుస్తకం మన స్థాయికి సరిపోతుందో లేదో తేల్చుకోవడానికి రెండో అధ్యాయం చదివి, పుస్తకం మూసి, 5 లెక్కలు చేయండి. అయిదూ వస్తే తర్వాతి అధ్యాయాలకు వెళ్లిపోవచ్చు. రెండు మూడు వస్తే అదే మీ పుస్తకం. ఒక్కటీ రాకపోతే ఎక్కడ ఆగారో చూడాలి. స్టాటిస్టిక్స్‌లో స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) సంగతే తీసుకోండి. సగటు నుంచి ఒక్కో విలువ ఎంత దూరంలో ఉందో చూసి, వర్గం చేసి, అన్నీ కూడి, భాగించి, వర్గమూలం తీస్తాం. వర్గం ఎందుకో తట్టక ఆగారా, అది పుస్తకం చెప్పాల్సిన విషయమే: వర్గం చేయకుండా కూడితే ప్లస్సులూ మైనస్సులూ కొట్టుకుపోయి సున్నా మిగులుతుంది. అలాకాక సిగ్మా గుర్తు (Σ, అన్నీ కూడమని చెప్పేది) దగ్గరే ఆగారంటే లోటు ఆల్జీబ్రాలో ఉంది. ఇంకో స్టాటిస్టిక్స్ పుస్తకం కొన్నా అక్కడే ఆగుతారు. ఏమేం తెలిసి ఉండాలో చాలా పుస్తకాల ముందుమాటలోనే రాస్తారు. దాన్ని చదివేవాళ్లే తక్కువ.

కోర్సుల విషయంలో మోసపోయేది టైము దగ్గర. అమెరికాలోని ఎంఐటీ తన పాఠాలను ఉచితంగా పెట్టే ఓపెన్‌కోర్స్‌వేర్ సైటులో లీనియర్ ఆల్జీబ్రా (కోర్సు నంబరు 18.06) వీడియో పాఠాలు 34. అన్నీ కలిపి 30 గంటల లోపే. అదే కోర్సుకు ఎంఐటీ లెక్క 12 యూనిట్లు, అంటే వారానికి సుమారు 12 గంటల పని. 14 వారాలకు 168 గంటలు. వీడియోలు పోగా మిగిలిన టైమంతా ఎక్కువగా లెక్కలదే. వీడియోలు చూసేసి కోర్సు అయిపోయిందనుకుంటే అసలు పని మిగిలిపోయినట్టే. మరోసారి చూస్తే మాత్రం? 2006లో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లు 5 నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత మాత్రం, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. కాబట్టి కోర్సులో చేరేముందు అసైన్‌మెంట్లు ఉన్నాయా, డబ్బు కట్టనివారికీ తెరుచుకుంటాయా అన్నది చూడండి. కొన్నిచోట్ల వీడియోలు ఉచితం, దిద్దే అసైన్‌మెంట్లకు మాత్రం తాళం. సర్టిఫికెట్ ఎవరైనా అడిగితేనే దాని గురించి ఆలోచించండి.

ఒక విషయానికి ఒక పుస్తకం పట్టుకోవాలి. రెండోది అర్థంకాని చోట చూసుకోవడానికి, అంతే. నాలుగైదు పోగేస్తే ప్రతిదాంట్లోనూ మొదటి అధ్యాయమే కంఠతా వస్తుంది.

ఇక ముద్రణ (ఎడిషన్) సంగతి. ప్రోగ్రామింగ్‌కూ పన్నులకూ తాజాది కావాలి, కాలిక్యులస్‌కు పాతదైనా ఫరవాలేదు. అయితే సాధనల పుస్తకం విడిగా తీసుకుంటే అదీ అదే ముద్రణది కావాలి. ముద్రణ మారితే లెక్కల నంబర్లు తరచూ మారుతుంటాయి, దాంతో సరిగ్గా చేసిన లెక్క కూడా తప్పని కొట్టేసుకుంటారు.