బోర్ ఒక్క మిల్లీమీటర్ పెంచితే 125 సీసీ అయిపోతుందా?

"సీసీ లెక్క - కంపెనీలు దాచిన నిజం" అని ఒక మెసేజ్ ఏ గ్రూపు తెరిచినా కనిపిస్తోంది. బైకుల పిచ్చి ఉన్న కుర్రాళ్లు పంపితే సరే అనుకోవచ్చు, పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివినవాళ్లు కూడా కాగితం మీద ఒక్కసారి గుణించి చూడకుండా పంపేస్తుంటే ఒళ్లు మండుతోంది. మెసేజ్‌లో ఉదాహరణ స్ప్లెండర్ కాబట్టి నేనూ దాన్నే తీసుకుంటా. బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 50 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైనుంచి కిందికి కదిలే దూరం) 49.5 మి.మీ. సీసీ అంటే ఆ కదలికలో పిస్టన్ ఖాళీ చేసే చోటు, ఘనపు సెంటీమీటర్లలో.

"సీసీ అంటే ఇంజన్ ఒక్కసారికి తాగే పెట్రోల్" అట. లోపలికి వెళ్లేది దాదాపు అంతా గాలే. గ్రాము పెట్రోల్ పూర్తిగా మండాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి, ఆ లెక్కన 97 సీసీ గాలితో కలిసే పెట్రోల్ మిల్లీలీటర్‌లో నూరోవంతు. ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి పీల్చుకుంటుంది కాబట్టి, వీళ్లు చెప్పిందే నిజమైతే 4000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 194 లీటర్లు పొయ్యాలి. ఇది పంపినవాళ్లు ఎప్పుడూ బంకుకు వెళ్లలేదా?

"ఫార్ములా: బోర్ × స్ట్రోక్ × 3.14." దీనితో 77.7 వస్తుంది, అదీ చదరపు సెంటీమీటర్లలో. అది పిస్టన్ కదిలే గోడ వైశాల్యం, సీసీ కాదు. బోర్‌ను బోర్‌తోనే గుణించి, స్ట్రోక్‌తో గుణించి, 0.7854తో (3.14లో నాలుగోవంతు) గుణించాలి, అన్నీ సెంటీమీటర్లలో: 5 × 5 × 4.95 × 0.7854 = 97.2. మారుతి 800 అయితే 6.85, 7.2 సెంటీమీటర్లు, మూడు సిలిండర్లు, మొత్తం 796.

"100 అని చెప్పి 97.2 ఇచ్చి మోసం చేశారు." కంపెనీ ఇచ్చే వివరాల్లోనే 97.2 అని ఉంది. దాచిందేమీ లేదు.

"సీసీ ఎక్కువుంటే పవర్ ఎక్కువ." క్లాసిక్ 350కి, డ్యూక్ 200కి బోర్ ఒకటే, 72 మి.మీ. స్ట్రోక్ దానికి 85.8, దీనికి 49. అయినా 349 సీసీ బండి ఇచ్చేది 20 హార్స్‌పవర్, 199 సీసీ బండి ఇచ్చేది దాదాపు 25. పొట్టి స్ట్రోక్ ఇంజన్ ఎక్కువ ఆర్‌పీఎం తిరగగలదు కాబట్టి. లాగుడులో మాత్రం క్లాసిక్‌దే పైచేయి.

అసలు కోపం అయిదో పాయింటు మీద. "లేత్ షాపులో బోర్ 1 మి.మీ. పెంచించుకోండి, 100 సీసీ బండి 125 అవుతుంది." లెక్క వేయండి: 5.1 × 5.1 × 4.95 × 0.7854 = 101.1. నాలుగు సీసీ కూడా పెరగలేదు! అదే స్ట్రోక్‌తో 125 రావాలంటే బోర్ 56.7 కావాలి, అంటే గోడ చుట్టూ 3.3 మి.మీ. పైనే కోసెయ్యాలి. అంత కోస్తే ఇక లైనర్‌లో (సిలిండర్ లోపలి గోడగా ఉండే గొట్టంలో) మిగిలేదేముంటుంది? రీబోర్ అనేది అరిగిపోయి ఓవల్ అయిన సిలిండర్‌ను మళ్లీ గుండ్రం చేయడానికి. ఓవర్‌సైజ్ పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 అని దొరికేది అందుకే, ఒక్కో అరుగుదలకు ఒక్కో మెట్టు. బాగున్న ఇంజన్‌ను నేరుగా ఆఖరి మెట్టుకు తీసుకెళ్తే రేపు నిజంగా అరిగిన రోజు సిలిండర్ బ్లాకే మార్చాలి. పిస్టన్‌కు, గోడకు మధ్య ఉండాల్సిన సందు మిల్లీమీటర్‌లో నూరోవంతుల లెక్క. అది తప్పితే పిస్టన్ పట్టేస్తుంది, వెనక చక్రం లాక్ అవుతుంది. హైవే మీద అరవైలో వెళ్తున్నప్పుడు అలా జరిగితే ఆ కుర్రాడి గతేంటి? ఇది పంపినవాళ్లు దానికి బాధ్యత తీసుకుంటారా? పైగా ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు.

అయితే ఆఖరి లైను, "సీసీ అంకె వెనక ఇంజనీరింగ్ ఒక్కటే కాదు, పన్ను కూడా ఉంది" అన్నది మాత్రం నిజం. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ వరకు బైకులకు జీఎస్టీ 18 శాతం, దాటితే 40. అలాంటి గీత ఉన్నప్పుడు 349 దగ్గర ఆగాలని ఏ కంపెనీకైనా ఉంటుంది. పేరు చూసి మోసపోకండి అన్నదీ తప్పేం కాదు, పాత 390 డ్యూక్ 373 సీసీయే.

మీ బండి నీలం పొగ వదులుతూ ఇంజన్ ఆయిల్ తగ్గుతుంటే బోర్ చూపించండి. పైన, మధ్యలో, కింద బోర్ గేజ్ (లోపలి వ్యాసం కొలిచే పరికరం) పెట్టి ఒక్కోచోట ముందు-వెనక, కుడి-ఎడమ రెండు దిశల్లోనూ కొలవమని అడగండి, వచ్చిన అంకెలు చూశాకే ఏ సైజు పిస్టన్ అన్నది నిర్ణయించుకోండి.