హీట్ ట్రేసింగ్ కంట్రోలర్‌లో కొలువైన డిఫాల్ట్ విలువ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ డిఫాల్ట్ విలువ గారి సముఖమునకు,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది గాని, తమరి కుశలం మాకు రోజూ తెరమీద కనబడుతూనే ఉంది. లోపలి ద్రవం చల్లారిపోకుండా కరెంటు కేబుల్ తగిలించి వేడిగా ఉంచడమే హీట్ ట్రేసింగ్; అలా తమరి కాపలాలో ఉన్న పైపుల కుశలమే తెలియడం లేదు.

ఎవరూ మార్చకపోతే కంట్రోలర్‌లో ముందే నింపి ఉండే అంకె తమరు. తమరిని ఈ పదవిలో ఎవరూ నియమించలేదు. పైపులోని ద్రవాన్ని ఎన్ని డిగ్రీల దగ్గర నిలపాలన్న విషయం మీద ప్రాసెస్ వారూ, ఎలక్ట్రికల్ వారూ గంటల తరబడి వాదించుకుంటారు. ఎలక్ట్రికల్ అలారాల పేజీ వచ్చేసరికి అందరికీ ఆకలి వేస్తుంది. ఎంటర్ మీట నొక్కుకుంటూ పోతారు. అలా ప్రతి సర్క్యూట్‌లోనూ తమరు పోటీ లేకుండా, ఏకగ్రీవంగా ఎన్నికవుతారు. పది మీటర్ల కేబుల్‌కూ, వంద మీటర్ల కేబుల్‌కూ ఒకే అంకెతో తీర్పు చెప్పగల సమదృష్టి తమరికి తప్ప మరెవరికుంటుంది?

లో కరెంట్ అలారం విషయంలో తమరి ప్రతిభ ప్రత్యేకంగా చెప్పుకోదగినది. సెల్ఫ్ రెగ్యులేటింగ్ కేబుల్ చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ కరెంట్ తీసుకుంటుంది. వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరిగి కరెంట్ తగ్గుతుంది. స్విచ్ వేసిన తొలి నిమిషాల్లో కనిపించిన అంకెను చూసి తమరిని ఎత్తు పీట మీద కూర్చోబెడితే, పైపు కావలసిన వేడికి చేరగానే తమరు గగ్గోలు పెడతారు. పని సవ్యంగా జరిగిందన్న వార్తను ప్రమాదమని చాటుతారు. ఆ గోల భరించలేక ఎవరో తమరిని 1 యాంపియర్‌కు దించుతారు. ఇక అక్కడినుంచి తమరిది యోగనిద్ర. ఒకే జంక్షన్ బాక్సు నుంచి మూడు శాఖలుగా వెళ్లిన కేబుల్, స్థిరపడ్డాక శాఖకు 4 చొప్పున 12 యాంపియర్లు తీసుకుంటోందనుకుందాం. రెండు శాఖలు తెగిపోయినా 4 యాంపియర్లు పారుతూనే ఉంటాయి. ఒకటి కంటే నాలుగు పెద్దది కనుక తమరి దృష్టిలో అంతా క్షేమం. ఉష్ణోగ్రత సెన్సర్ ఆ బతికి ఉన్న శాఖ దగ్గరే ఉంటే, అది కూడా తమరి పక్షానే సాక్ష్యం చెబుతుంది. స్థిరపడ్డాక ఒక్కసారి కొలిచి, ఒక శాఖ పోతే మిగిలే 8కి పైన, మామూలు 12కి కింద తమరిని కూర్చోబెట్టడం పెద్ద పనేమీ కాదు గాని, తమరి హోదాకు భంగమని కాబోలు, ఎవరూ సాహసించరు.

హై కరెంట్ అలారానికి ఆలస్యం పెట్టనివ్వకపోవడం కూడా తమరి దయే. చలి రాత్రి సరఫరా పోయి తిరిగి వచ్చినప్పుడు చల్లారిన కేబుళ్లన్నీ ఒక్కసారిగా ఎక్కువ కరెంట్ లాగుతాయి, అన్నీ ఒక్కసారిగా మోగుతాయి. 1994 జులై 24న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందుకు 275 అలారాలు వచ్చాయి. అవి హీట్ ట్రేసింగ్‌వి కావు. కానీ అంత గోలలో అసలైన హెచ్చరికను వెతికిపట్టడం మనిషికి సాధ్యం కాదని అప్పుడే తేలింది. తమరికి ఈ సంగతి ఇంకా చేరినట్టు లేదు.

ఎర్త్ లీకేజీ, అంటే కేబుల్ నుంచి భూమిలోకి జారిపోయే కరెంట్, దగ్గరికి వద్దాం. ఆరోగ్యంగా ఉన్న కేబుల్‌లో కూడా కెపాసిటెన్స్ వల్ల కొంత లీకేజీ ఉంటుంది, పొడవు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. అందుకే, ట్రిప్ విలువను, అంటే లీకేజీ ఎంతకు చేరితే సర్క్యూట్ దానంతట అదే ఆగిపోవాలో ఆ అంకెను, మార్చుకోగల పరికరాల్లో ఆ సహజ లీకేజీకి పైన 30 మిల్లీ యాంపియర్లు ఉంచడం మేలని ఐఈసీ 60079-30-1 ప్రమాణం చెబుతుంది. తమరు ఆ 'పైన' అన్న మాటను వదిలేసి, 30ని మాత్రం పట్టుకున్నారు. పొడవాటి సర్క్యూట్లు ఏ లోపమూ లేకుండానే ట్రిప్ అవుతాయి. అంతకంటే ముచ్చటైన సంగతి, అలారాన్నీ ట్రిప్‌నూ ఒకే అంకె మీద నిలబెట్టడం. ఇన్సులేషన్ కింద నెమ్ముతో లీకేజీ నెలల తరబడి మెల్లగా పెరుగుతున్నా తమరు పెదవి విప్పరు; సర్క్యూట్ ఆగిపోయాక, ఆగిపోయిందని హెచ్చరిస్తారు. అలారాన్ని కాస్త కింద ఉంచితే మనిషి ఇన్సులేషన్‌ను పరీక్షించే మెగ్గర్ పట్టుకుని వెళ్లి చూసే వ్యవధి దొరుకుతుంది.

వేసవిలో హీటర్లు నెలల తరబడి ఆగి ఉంటాయి. కరెంటే లేనప్పుడు కరెంట్ అలారం దేనిని చూస్తుంది? అప్పుడప్పుడు కొద్దిసేపు హీటర్‌ను వెలిగించి పరీక్షించే ఏర్పాటు చాలా కంట్రోలర్లలో ఉంది. మా దగ్గర మాత్రం ఆ గడిలో తమరు సున్నా వేసుకుని విశ్రాంతి తీసుకుంటున్నారు. ఏ వెల్డరో తెంపిన కేబుల్ సంగతి తొలి చలి రాత్రి దాకా బయటపడదు.

కాబట్టి, వచ్చే షట్‌డౌన్‌లో ప్రతి సర్క్యూట్‌కూ స్థిరపడిన కరెంట్, వోల్టేజీ, లీకేజీ కొలిచి, ఆ పట్టికను అనుసరించి తమరిని ఒక్కొక్క గడిలోంచీ సాగనంపదలచుకున్నాము. తమరు అన్యథా భావించవద్దు. భాష ఎంపిక, తెర వెలుగు వంటి గడుల్లో తమరి సేవలు యథాతథంగా కొనసాగుతాయి.

ఇట్లు,
రాత్రి షిఫ్టు కంట్రోల్ రూమ్ నుంచి
తమ విధేయులు

తా.క.: హీటర్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్ అయిన సాలిడ్ స్టేట్ రిలే షార్ట్ అయితే, ఆఫ్ ఆదేశం ఇచ్చిన తర్వాత కూడా హీటర్‌కు కరెంట్ పారుతూనే ఉంటుంది. దానిని పట్టుకునే స్విచ్ ఫెయిల్యూర్ అలారం గడిలో 'డిసేబుల్' అనే తమరి దాయాది ఒకరు కాపురముంటున్నారు. వారికి వేరే ఉత్తరం రాస్తున్నాము. చిరునామా అదే పేజీ.