ఎంపీకి సూచీ, అవ్వకు ఎన్నిక

2025 మార్చి 24న పార్లమెంటరీ వ్యవహారాల శాఖ నోటిఫికేషన్ ఒకటి వెలువడింది. ఎంపీల నెల జీతం లక్ష నుంచి 1,24,000 రూపాయలకు పెరిగింది. దినభత్యం 2,000 నుంచి 2,500 అయింది, మాజీల పింఛన్ 25,000 నుంచి 31,000 అయింది. అదీ 2023 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా, రెండేళ్ల బకాయిలతో సహా. తర్వాత మామూలుగా జరిగే గొడవే జరిగింది. కోటీశ్వరులకు జీతమెందుకని కొందరు, సైకిల్ మీద పార్లమెంటుకు వెళ్లిన పుచ్చలపల్లి సుందరయ్య గారిని తలుచుకుంటూ మరికొందరు మాట్లాడారు. నాలుగు రోజులకు అంతా చల్లబడింది.

ఆ గొడవలో అందరూ అంకెనే చూశారు. నా దృష్టిలో అంకె చిన్న విషయం. రెండు సభల్లో కలిపి 788 స్థానాలు. మనిషికి నెలకు 24,000 చొప్పున పెంచితే ఏడాదికి అయ్యే అదనపు ఖర్చు దాదాపు 23 కోట్లు. మన దగ్గర ఒక మోస్తరు ఫ్లైఓవర్‌కు కూడా చాలని సొమ్ము. దాన్ని ఆపినంత మాత్రాన ఏ పేదవాడి కంచంలోకీ ఒక ముద్ద అదనంగా రాదు. చూడాల్సింది ఆ జీతం పెరిగిన పద్ధతిని.

2010 దాకా ఎంపీలు జీతం పెంచుకోవాలంటే సభలో బిల్లు పెట్టి, చర్చించి, ఊళ్లో వాళ్ల నోళ్లలో నానాల్సి వచ్చేది. 16,000 నుంచి 50,000కు పెంచిన ఆ ఏడాది, ప్రభుత్వ కార్యదర్శి కంటే ఒక్క రూపాయైనా ఎక్కువ ఉండాలని 80,001 అడిగి లాలూ ప్రసాద్, ములాయం సింగ్ సభను స్తంభింపజేశారు. దేశమంతా చూసింది, తిట్టింది. ఆ తిట్లు పడకుండా 2018 బడ్జెట్‌లో ఒక దారి కనిపెట్టారు. జీతాన్ని లక్ష చేసి, ఇకపై ఐదేళ్లకోసారి ధరల పెరుగుదలను బట్టి దానంతటదే పెరుగుతుందని చట్టంలో రాసేశారు. అందుకు ఎంచుకున్నది ఆదాయపు పన్ను చట్టంలోని కాస్ట్ ఇన్‌ఫ్లేషన్ ఇండెక్స్ అనే ధరల సూచీ. 2018-19లో ఆ సూచీ 280, 2023-24లో 348. అంటే 24 శాతం. అందుకే సరిగ్గా 1,24,000. బిల్లు లేదు, ఓటింగ్ లేదు, ఎవరూ చెయ్యి ఎత్తనక్కర్లేదు.

ఇది మంచి పద్ధతి. మనస్ఫూర్తిగా అంటున్నాను. ధర పెరిగితే జీతం పెరగాలి, అడుక్కోకుండా పెరగాలి. నా కోపమంతా ఇంత మంచి పద్ధతిని కనిపెట్టినవాళ్లు దాన్ని తమ గుమ్మం దాటనివ్వకపోవడం మీద.

ఇదే పార్లమెంటు బడ్జెట్ ఆమోదించే జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం కింద దారిద్ర్యరేఖ దిగువనున్న 60 నుంచి 79 ఏళ్ల వృద్ధులకు కేంద్రం ఇచ్చే పింఛన్ నెలకు 200 రూపాయలు. 2007లో 200, ఇప్పుడూ 200. ఎంపీల సూచీ 2007-08లో 129 ఉండేది. అదే లెక్కన కొలిస్తే 2023 నాటికే ఆ 200 దాదాపు 540 కావాలి. గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘంలో కూర్చునే ఎంపీలే ఈ మొత్తం చాలదని పదేపదే నివేదికల్లో రాశారు. అయినా ఆ కార్యక్రమానికి 2024-25లో కేటాయించింది 9,652 కోట్లు, 2025-26లోనూ అదే 9,652 కోట్లు. ఒక్క కోటి అటూ ఇటూ కాలేదు.

ప్రావిడెంట్ ఫండ్ (పీఎఫ్) ఉన్న ఉద్యోగుల పింఛన్ పథకం ఈపీఎస్-95 కనీస పింఛన్ సంగతీ అంతే. ఆర్టీసీలోనో, నూలు మిల్లులోనో, బీడీ కంపెనీలోనో ఏళ్ల తరబడి పనిచేసి, జీతంలోంచి పీఎఫ్ కోత పెట్టించుకున్నవాళ్లకు ఇచ్చేది అది. 2014 సెప్టెంబరులో వెయ్యి రూపాయలుగా నిర్ణయించారు. ఈ సూచీతో లెక్కేస్తే 2023కే 1,450 కావాలి. ఇప్పటికీ వెయ్యే. అంగన్‌వాడీ కార్యకర్తకు కేంద్రం ఇచ్చే గౌరవ వేతనం 2018 అక్టోబరులో 4,500 చేశారు. ఎంపీల జీతం లక్ష చేసిందీ ఆ ఏడాదే. లక్ష 1,24,000 అయింది, 4,500 మాత్రం 5,580 కాలేదు. 2023 డిసెంబరు, 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్ల మీద, అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించారు. వేతనం పెంచమని అడగడమే వాళ్లు చేసిన నేరం.

ఇంకో సంగతి చాలామంది గమనించలేదు. ఈ సూచీ అసలు పుట్టింది మామూలు జనం కోసం. ఎప్పుడో కొన్న స్థలమో ఇల్లో అమ్మినప్పుడు, ధరల పెరుగుదలను మినహాయించి మిగిలిన లాభం మీదే పన్ను వేయడానికి పెట్టింది. 2024 జులై బడ్జెట్‌లో ఆ వెసులుబాటు ఎత్తేశారు. గోల లేచాక పాత ఆస్తులకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. 2024 జులై 23 తర్వాత స్థలం కొన్నవాళ్లకు అది లేదు. రూపాయి విలువ తగ్గుతుందన్న నిజాన్ని పన్ను కట్టేవాడి విషయంలో చట్టం ఇప్పుడు ఒప్పుకోదు, ఎంపీ జీతం విషయంలో ఒప్పుకుంటుంది.

రాష్ట్రాల్లో మరో తీరు. 2016లో తెలంగాణ ఎమ్మెల్యేల నెల మొత్తాన్ని 95,000 నుంచి రెండున్నర లక్షలు చేశారు. అందులో జీతం 20,000, నియోజకవర్గ భత్యం 2,30,000. ఆ భత్యం మీద ఆదాయపు పన్ను ఉండదు. 2025 మార్చిలో కర్ణాటక అసెంబ్లీ, సభ గందరగోళంలో ఉండగానే, ముఖ్యమంత్రి నుంచి ఎమ్మెల్యేల దాకా జీతాలను చర్చ లేకుండా రెట్టింపు చేసుకుంది. ఏ పార్టీ అయినా, ఏ రాష్ట్రమైనా ఈ ఒక్క విషయంలో గోడలు కూలిపోతాయి.

ఇక మన అవ్వాతాతల సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో పింఛన్ పెరిగిన తేదీలు చూడండి. 2014 ఎన్నికల తర్వాత 200 నుంచి వెయ్యి. నాలుగేళ్లకు పైగా కదల్లేదు. 2019 ఎన్నికలు ముంగిట్లోకి రాగానే రెండు వేలు. ఎన్నికలయ్యాక 2,250. ఆపై 250 చొప్పున పెంచుతూ, 2024 ఎన్నికల ముందు జనవరికి మూడు వేలు. ఎన్నికలయ్యాక జులైలో నాలుగు వేలు. తెలంగాణలో 2014లో వెయ్యి, 2019లో 2,016. కాంగ్రెస్ నాలుగు వేలన్నది, 2025లోనూ 2,016 గానే ఉంది. బిహార్‌లో ఏళ్ల తరబడి 400 దగ్గర ఆగిన పింఛన్, ఎన్నికలకు కొన్ని నెలల ముందు 2025 జూన్‌లో ఒక్కసారిగా 1,100కు లేచింది. కూరగాయల ధర పెరిగినప్పుడు ఎంపీ జీతం పెరుగుతుంది. ఎన్నికలు వచ్చినప్పుడు అవ్వ పింఛన్ పెరుగుతుంది.

దీనికి వచ్చే అభ్యంతరం నాకు తెలుసు. ఇప్పటికే పథకాల బరువుకు ఖజానాలు కుంగిపోతున్నాయి, వాటికి ధరల సూచీ కూడా తగిలిస్తే రాష్ట్రాలు దివాలా తీస్తాయంటారు. అప్పుల భయం నిజమైనదే. కానీ ఖజానాను కుంగదీస్తున్నది ఏటా నాలుగైదు శాతం పెరగడమా, ఒక్క ఎన్నికతో మూడో వంతు పెరగడమా? పింఛన్ ఏడాదికి వంద, నూట యాభై చొప్పున పెరుగుతుందని ముందే తెలిస్తే ఆర్థిక శాఖ సర్దుకోగలదు. ఆ బాట లేకపోవడం వల్లే వేలంపాట నడుస్తోంది. ఒకరు మూడు వేలంటే ఇంకొకరు నాలుగు వేలంటారు.

2022 జులైలో ప్రధాని ‘రేవ్డీ సంస్కృతి’ని, అంటే ఓట్ల కోసం ఉచితాలు పంచడాన్ని, ఎండగట్టారు. ఆ తర్వాత ఆయన పార్టీయే మధ్యప్రదేశ్‌లో లాడ్లీ బెహనా, మహారాష్ట్రలో లాడ్కీ బహిన్ పథకాలతో ఎన్నికలకు వెళ్లింది. తప్పు పట్టడానికి చెప్పడం లేదు. పేదింటి ఆడవాళ్ల చేతికి డబ్బు ఇవ్వడం నాకు ఇష్టమైన పనే. కానీ కేంద్రం తన వాటాను 200 దగ్గర గడ్డకట్టించి, మిగతా బరువు మోసే రాష్ట్రాలకు పొదుపు పాఠాలు చెప్పడం అన్యాయం.

అసలు విషయానికి వస్తున్నాను, నన్ను ఏళ్లుగా తొలిచేసేది ఇదే. మన పార్టీలకు హామీ అంటే ఇష్టం, హక్కు అంటే భయం. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చారు. గొప్ప పని. కానీ అది హామీగానే ఉండిపోయింది కాబట్టి తర్వాతి ప్రభుత్వాలు ధర పెంచాయి, మళ్లీ ఎన్నికల లెక్కల్లో తగ్గించాయి. 2013లో ఆహార భద్రతా చట్టం వచ్చింది. ఆ రోజు నుంచి ఏ ప్రభుత్వం వచ్చినా రేషన్ బియ్యం ఆపే ధైర్యం చేయలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆడబిడ్డ నిధి కింద 1,500, తెలంగాణలో మహాలక్ష్మి కింద 2,500 ఎప్పుడొస్తాయని ఈ రోజు మన ఆడవాళ్లు ఎదురుచూస్తున్నారంటే, చేతిలో చట్టం లేక, మేనిఫెస్టో మాత్రమే ఉండబట్టి. పింఛన్ తనంతట తాను పెరిగితే, పెంచినందుకు దండలు వేయించుకునే నాయకుడికి చోటుండదు. పెద్ద పార్టీల మేనిఫెస్టోల్లో ‘సూచీ’ అన్న మాట అంతగా వినిపించకపోవడానికి నాకు కనిపించే కారణం ఇదొక్కటే.

ఎంపీల జీతం మళ్లీ సవరించాల్సిన తేదీ 2028 ఏప్రిల్ 1. ఆ తేదీ చట్టంలోనే ఉంది. ఈలోగా రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో ఉన్న 42 మందిలో ఒక్కరు, ఏ పార్టీ వారైనా సరే, ఒక శుక్రవారం మధ్యాహ్నం ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టాలి. తమ జీతానికి 2018లో రాసుకున్న ఆ వాక్యాన్నే తీసుకుని, ‘ఎంపీ’ అన్న చోట వృద్ధుల పింఛన్, ఈపీఎస్ పింఛన్, అంగన్‌వాడీ గౌరవ వేతనం అని చేర్చితే చాలు. ఆ బిల్లు నెగ్గదని నాకు తెలుసు. ఎవరు లేచి వద్దంటారో సభ రికార్డుల్లో ఉండాలి.