సీసా మీద 92 మార్కులు, గ్లాసులో ఎన్ని?

మార్కులంటే మనకున్న గురి ఇంతా అంతా కాదు. పిల్లల చదువుకే కాదు, వైను కొనేటప్పుడూ అదే గురి. బెంగళూరు మారతహళ్లిలోనో ఇందిరానగర్‌లోనో దుకాణానికి వెళ్లిన మనవాళ్లలో చాలామంది అరలో ‘92 పాయింట్లు’ అన్న చీటీ వేలాడుతుంటే, పక్కనున్న సీసా వైపు కూడా చూడకుండా దాన్నే బుట్టలో వేసుకుంటారు. ఆ అంకె అబద్ధం కాకపోవచ్చు. కానీ ఆ మార్కులు వేసింది ఎక్కడో చల్లటి గదిలో, తిండి లేకుండా, మరో సీసాకి. మన చేతిలోని సీసా ఏ ఎండలో నిలబడి వచ్చిందో, ఇంట్లో ఏ కూరతో తాగబోతున్నామో ఆ అంకెకు తెలియదు. వెయ్యి, పదిహేను వందల లోపు మంచి వైను కొనాలనుకునేవాళ్లు అంకె కంటే ముందు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

ముందు ఆ కొలత సంగతి. వంద మార్కుల పద్ధతిని లోకానికి అలవాటు చేసింది అమెరికా విమర్శకుడు రాబర్ట్ పార్కర్. 1978లో ‘వైన్ అడ్వొకేట్’ పత్రిక మొదలుపెట్టి, ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు 1982 పంటను అందరికంటే గట్టిగా మెచ్చుకుని పేరు తెచ్చుకున్నారు. ఆయన కొలత సున్నాతో కాదు, 50తో మొదలవుతుంది. 80 దాటనివాటి మార్కులు ఏ దుకాణమూ చీటీ మీద రాయదు. కాబట్టి మన కంటికి కనిపించేవన్నీ 80కి పైబడినవే. ఎవరూ తప్పని బడిలో ర్యాంకుల్లాంటివి ఇవి. ఇంగ్లండులో జాన్సిస్ రాబిన్సన్ అనే విమర్శకురాలు 20కి మార్కులు వేస్తారు. ఆమె లెక్కలో 17 అంటే చాలా మంచి వైను. దాన్ని అయిదుతో హెచ్చవేసి 85 అనుకుంటే తప్పులో కాలేసినట్టే.

ఇక ఆ మార్కులు ఎంత నిలకడగా ఉంటాయి? కాలిఫోర్నియాలో చిన్న వైనరీ నడిపిన రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే ఆచార్యుడు ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. అక్కడి స్టేట్ ఫెయిర్ పోటీలో 2005 నుంచి నాలుగేళ్లపాటు, ఒకే సీసాలోని వైనును న్యాయనిర్ణేతలకు తెలియకుండా మూడుసార్లు పోయించారు. నిలకడగా మార్కులు వేసినవాళ్లు పదిమందిలో ఒక్కరే. మామూలు న్యాయనిర్ణేత అదే వైనుకు ఒకసారి 90 వేస్తే, ఇంకోసారి 86 వేశాడు, మరోసారి 94 వేశాడు. బంగారు పతకాల సంగతి ఇంకా విచిత్రం. అమెరికాలో మూడుకు మించిన పోటీలకు వెళ్లిన 2,440 వైన్లను ఆయన పరిశీలిస్తే, 47 శాతానికి ఎక్కడో ఒకచోట బంగారు పతకం వచ్చింది. అలా వచ్చినవాటిలో 84 శాతం వేరే పోటీలో ఏ పతకమూ లేకుండా తిరిగొచ్చాయి. సీసా మెడ మీద బంగారు బిళ్ల కనిపించినప్పుడు ఈ రెండు అంకెలు గుర్తుంచుకుంటే చాలు.

అలాగని మార్కులన్నీ వృథా అనడం లేదు. ఒకే విమర్శకుడి రుచి మీ రుచికి కలుస్తుందని రెండు మూడు సీసాలతో తేలితే, ఆ ఒక్కరి మార్కులు పనికొస్తాయి. చీటీ మీద మూడు సంగతులు చూడాలి: మార్కులు ఎవరు వేశారు, మొత్తం ఎన్నింటికి వేశారు, ఏ సంవత్సరపు పంటకు వేశారు. ఎక్కువ మోసం మూడో దగ్గరే జరుగుతుంది. 2019 పంటకు వచ్చిన 91ని 2022 సీసా ముందు వేలాడదీసి ఉంటారు. వానలు, ఎండలు మారితే ద్రాక్ష మారుతుంది, వైనూ మారుతుంది. వివినో లాంటి యాప్‌లో నక్షత్రాలు చూసేవాళ్లు కూడా అదే సంవత్సరానికి ఎంతమంది వేశారో చూడాలి. పదిమంది వేసిన 4.2 కంటే రెండు వేలమంది వేసిన 3.8 నమ్మదగ్గది. పైగా అక్కడ అందరూ పేరూ ధరా చూసే మార్కులు వేస్తారు.

మన దేశపు వైన్లలో చాలావాటికి విదేశీ విమర్శకుల మార్కులే ఉండవు. అంతమాత్రాన అవి తక్కువవి కావు, ఎక్కువభాగం వాళ్ల ముందుకే వెళ్లవు. ఇక్కడే ధర లెక్క కూడా చూసుకోవాలి. విదేశీ వైను మీద మామూలు కస్టమ్స్ సుంకం 150 శాతం. దాని మీద దిగుమతిదారు లాభం, రాష్ట్ర ఎక్సైజు. 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందం తర్వాత ఆస్ట్రేలియా సీసాలకు ఈ సుంకం కొంత తగ్గింది, అదీ దిగుమతి ధర 5 డాలర్లకు పైబడినవాటికే. పదిహేను వందలకు దొరికే ఫ్రెంచి సీసాలో సుంకాలూ లాభాలూ పోగా, అసలు వైను విలువ చాలా కొద్ది. అదే డబ్బుకు నాసిక్ వైనో నంది కొండల వైనో కొంటే, ఆ కస్టమ్స్ సుంకం ఉండదు కాబట్టి అంతకంటే ఎక్కువ భాగం తోటకు చేరుతుంది. బెంగళూరు పక్కనే దొడ్డబళ్లాపురం దగ్గర గ్రోవర్ తోటలు 1980ల చివరి నుంచి ఉన్నాయి. హంపి కొండల్లో ‘కృష్మ’ తోటలు వేసింది మన తెలుగు దంపతులు, చిగురుపాటి వారు. ధర కాస్త ఎక్కువే గానీ పండగ సీసాగా తీసుకోవచ్చు. విదేశీ సీసాయే కావాలంటే స్పెయిన్ రియోహా ప్రాంతపు ఎర్ర ‘క్రియాన్సా’ మంచి బేరం. రెండేళ్లు నిల్వ ఉంచాలనీ, అందులో ఏడాది పీపాలో ఉండాలనీ అక్కడ చట్టమే ఉంది. అమెరికా సీసా మీద ‘రిజర్వ్’ అన్న మాటకు అలాంటి చట్టం ఏదీ లేదు.

దుకాణంలో మొదట చూడాల్సింది సంవత్సరం. మన దగ్గర ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి దాకా సాగుతుంది. 2024 అని ఉంటే ఆ ఏడాది మొదట్లో కోసినదే. యూరప్ కోత సెప్టెంబరు, అక్టోబరుల్లో కాబట్టి అదే అంకె ఉన్నా మనది కనీసం ఆరు నెలలు పెద్దది. వెయ్యి లోపు తెల్ల వైనో, ‘రోజే’ అనే గులాబీ రంగు వైనో అయితే కోసిన రెండేళ్లలోపు తాగేయాలి. ఎర్రది మూడు నాలుగేళ్లు ఆగుతుంది. పాతబడ్డకొద్దీ వైను బాగుంటుందన్న మాట ఈ ధరలో పనికిరాదు. పంట సంవత్సరం లేకపోతే సీసా నింపిన నెల చూడండి.

తర్వాత వేడి. బెంగళూరు చల్లటి ఊరని పేరే గానీ ఏప్రిల్‌లో 35 డిగ్రీలు మామూలైపోయింది. వైనుకు 12–15 డిగ్రీల మధ్య ఉండటం ఇష్టం. కొన్ని వారాలు 30 దాటి ఉంటే పండు వాసన చచ్చి, ఉడికిన జాము వాసన వస్తుంది. అందుకే అద్దాల కిటికీలో ఎండ తగిలే సీసా, లైటు కిందున్న పై అర సీసా వద్దు. బిరడా కొంచెం పైకి తోసుకొచ్చినట్టున్నా, రేకు కింద జిగురు మరక ఉన్నా, వైను మట్టం సీసా భుజం దాకా దిగినా, అది వేడి తిన్నదే. తెల్ల వైను ముదురు పసుపులోకి, రోజే ఉల్లిపొర రంగులోకి తిరిగితే గాలి సోకిందని అర్థం. నిలబెట్టి ఉంచితే బిరడా ఎండి గాలి లోపలికి పోతుంది కాబట్టి, మన వాతావరణానికి మర మూత ఉన్న సీసాయే మేలు. మర మూత చవకబారుతనానికి గుర్తు కాదు. కొన్న సీసాను కారు డిక్కీలో పెట్టి ఇంకో గంట షాపింగు చేస్తే ఇంత జాగ్రత్తా నేలపాలే.

ఎర్ర వైను గది వేడిమిలో తాగాలన్నది యూరప్ గదుల మాట, మన హాలు మాట కాదు. 29 డిగ్రీల దగ్గర ఎర్ర వైను తాగితే మద్యం ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు. ముందు ఫ్రిజ్‌లో పెట్టి 17, 18కి దగ్గరగా తేవాలి. తెల్లదానికి ఇంకా ఎక్కువసేపు కావాలి. తొందరైతే ఐసూ నీళ్లూ సగం సగం, గుప్పెడు ఉప్పు వేసిన బకెట్లో 15 నిమిషాలు చాలు. వట్టి ఐసులో పెడితే సీసాకు అంటుకునేది తక్కువ, అందుకే నీళ్లు తప్పనిసరి.

మార్కులు మనల్ని ఎక్కువ దారి తప్పించేది భోజనం దగ్గరే. ఎక్కువ మార్కులు కొట్టే ఎర్ర వైన్లు తరచు చిక్కగా, వగరుగా, 14 శాతం పైబడిన మద్యంతో ఉంటాయి. గుంటూరు కారం పడిన నాలుక మీద ఆ మద్యం మంటను పెంచుతుంది, వగరు చేదుగా మారుతుంది. 93 మార్కుల కాబర్నే అనే ఎర్ర వైను నాటుకోడి పులుసు పక్కన ఓడిపోయి, చిన్న తీపీ 12 శాతం మద్యమూ ఉన్న షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైను గెలుస్తుంది. గోంగూర మాంసానికీ, పులిహోరకీ పులుపు ఎక్కువున్న సావిన్యాన్ బ్లాంక్ అనే తెల్ల వైను కావాలి. కూర పులుపు కంటే వైను పులుపు తక్కువైతే వైను నీళ్లలా అనిపిస్తుంది. మిరియాల వేపుడుకు షిరాజ్ అనే ఎర్ర వైను సరిపోతుంది. ఆవకాయ ఉన్న పళ్లెం పక్కన మంచి సీసా తీయకండి.

మీ నాలుకే మీ విమర్శకుడు కావాలంటే ఒక సాయంత్రం చాలు. ఆరుగురు, ఒకే ద్రాక్ష రకం వైన్లు రెండు, ఒకటి చవక, ఒకటి ఖరీదు. సీసాలు ఒకే చల్లదనంలో ఉండాలి. రుచి చూడని ఒకరు పక్క గదిలో ఒక్కొక్కరికి మూడు గ్లాసుల్లో 50 మిల్లీలీటర్ల చొప్పున పోయాలి, వాటిలో రెండు గ్లాసులు ఒకే వైనుతో. ఏది రెండుసార్లు పోశారో తాగేవాళ్లకు తెలియకూడదు. అగరుబత్తి, సెంటు, తాలింపు వాసన ఏదీ ఉండకూడదు. రంగుకు 2, వాసనకు 6, పులుపు–వగరు–తీపి కుదురుకు 8, మింగాక రుచి నిలిచినందుకు 4, మొత్తం 20కి ఎవరికి వాళ్లే మాట్లాడకుండా రాయాలి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా చెడినట్టు, గోళ్ల రంగు వాసన వస్తే వైను వెనిగర్ దారి పట్టినట్టు. ఆ సీసా పక్కన పెట్టి ఇంకోటి తెరవండి. అగ్గిపుల్ల వాసన మాత్రం గ్లాసు తిప్పితే పోతుంది. ఒకే వైను ఉన్న రెండు గ్లాసులకు మీరు వేసిన మార్కుల్లో తేడా 3 దాటితే, ఖరీదు సీసాకు ఒక మార్కు ఎక్కువ వచ్చిందని మురిసిపోవద్దు. వచ్చేసారి చవకది కొని, దాని పంట సంవత్సరం రాసి పెట్టుకోండి.